మా కాకో వయసు లెక్క

మా కాకో ఎప్పుడు పుట్టిందో నిజం చెప్పే కాగితం మా ఇంట్లో లేదు. ఉన్న కాగితాలు మూడు. మూడూ మూడు మాటలు చెబుతాయి. రేషన్ కార్డు ప్రకారం ఆమె పుట్టింది 1945లో. ఓటరు కార్డు మీది వయసును వెనక్కి లెక్కిస్తే 1938 వస్తుంది. ఆధార్ కార్డులో 1940 జనవరి 1 అని ఉంది. మన గూడేల్లో ముసలివాళ్ళ ఆధార్ కార్డులు ఒకసారి తీసి చూడండి, సగం మంది జనవరి 1నే పుట్టి ఉంటారు. తేదీ తెలియనివాళ్ళకు కంప్యూటర్ ఇచ్చే పుట్టినరోజు అది.

కాకో 2021 వైశాఖంలో, ఎండలు మండే రోజుల్లో కన్నుమూసింది. చావు ధ్రువపత్రంలో ఆధార్ చూసి 81 ఏళ్ళు అని రాశారు. మా లెక్కలో ఆమెకు తొంభై. మిగతా తొమ్మిదేళ్ళు ఏమయ్యాయి? ఆ తొమ్మిదేళ్ళలో జోడేఘాట్ ఉంది. మా ముత్తాతల ఊరు ఉంది. ఆమె చిన్నతనమంతా ఉంది. కార్డు నమ్మితే అవన్నీ ఆమె చూడనట్టే. అందుకే మేము కూర్చుని లెక్క కట్టాం.

మేము అంటే ఆమె మనవలం, మనవరాళ్ళం, పదకొండు మందిమి. మాలో మూడు ఇంటిపేర్లవాళ్ళున్నాం. మాలో సేద్యం చేసేవాళ్ళున్నారు, ఒక ఆశా వర్కర్ ఉంది, ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు, ఈ వ్యాసం చేత్తో రాసిన హాస్టల్ వార్డెన్ ఉంది. గోండీలో కాకో అంటే అమ్మ తల్లి. కొడుకుల పిల్లలు వేరే వరసతో పిలవాలి. కానీ సెలవులొస్తే అందరం ఒకే వాకిట్లో పెరిగాం కనుక అందరికీ ఆమె కాకోనే అయింది. పెద్దల పేరు పెట్టి పిలవడం మన ఇళ్ళలో లేదు, కనుక ఇక్కడా రాయడం లేదు.

చిన్నపిల్లగా ఉన్నప్పుడు

కాకో పుట్టింది మెస్రం ఇంట్లో, అంటే ఏడు దేవతల సగలో. కెరమెరి కొండల మీద, జోడేఘాట్‌కు ఒక రోజు నడక దూరంలో ఒక చిన్న గూడెం. ఆ గూడెం ఇప్పుడు లేదు. అడవిలో హద్దు గీత గీసి, రిజర్వు అని పేరు పెట్టి, లోపల ఉన్నవాళ్ళను బయటికి పొమ్మన్న కాలం అది. నిజాం ప్రభుత్వం అడవి చట్టం తెచ్చాక పోడు కొట్టినా, పశువులు మేపినా, ఇంటికి దూలం నరికినా జంగ్లాతువాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు కోడి, ధాన్యం, డబ్బు ఏదో ఒకటి ముట్టజెప్పాలి. కుమ్రం భీము, అతనితోపాటు బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గూడేలు ఎదురు తిరిగింది దీని మీదే. 1940లో జోడేఘాట్‌లో భీమును కాల్చి చంపారు. ఆయన వర్ధంతి మనం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి చేసుకుంటున్నాం.

కాకోకు భీము కథ పాటగా తెలియదు, సినిమాగా తెలియదు. ఆమెకు గుర్తున్నదల్లా రాత్రిపూట నడక. కాల్పుల కబురు అందగానే వాళ్ళ గూడెంవాళ్ళు మూటలు కట్టుకుని లోయలోకి దిగారు. ఆమె చంకలో తమ్ముడున్నాడు. వాడు ఏడవకుండా నోట్లో ఇప్పపువ్వు పెట్టింది. నీళ్ళ కుండ ఎత్తుకోమంటే వాళ్ళ అమ్మ వద్దంది, పగలగొడతావు, తమ్ముణ్ణే ఎత్తుకో అంది. ఈ మాట ఆమె మాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటుంది. మేము ఎప్పుడూ తమ్ముడి గురించే విన్నాం, కుండ సంగతి పట్టించుకోలేదు. వయసు లెక్క కట్టే రోజున మా ఆశా వర్కరు చెల్లెలు పట్టుకుంది. చంకలో పిల్లవాణ్ణి మోయగలదు, నిండు కుండ ఇంకా మోయలేదు. మన గూడేల్లో ఆడపిల్లకు అది ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసు. అంటే ఆమె పుట్టింది 1931 ప్రాంతంలో.

ఒక్క గుర్తుతో లెక్క నిలవదు. ఇంకో రెండు కావాలనుకున్నాం. రెండూ దొరికాయి.

మార్లవాయి బడి

భీము పోయాక అసలు గోండులకు ఏం కష్టం వచ్చిందో తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచింది. ఆ పని హైమన్‌డార్ఫ్ చేశాడు. ఆయన ఆస్ట్రియాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాదు సంస్థానంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో సంస్థానం దాటనివ్వలేదు. అలా ఆగిపోయిన మనిషి చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి మన దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడ గోండు పిల్లలకు చదువు, గోండు యువకులకు పంతుళ్ళుగా శిక్షణ మొదలైంది. మొదటి వాచకాలు గోండీ భాషలోనే, దేవనాగరి అక్షరాలతో అచ్చయ్యాయి. ఎనభై ఏళ్ళ కింద మన భాషలో మన పిల్లలకు పాఠం చెప్పారంటే ఈనాటి మన హాస్టల్ పిల్లలు నమ్మరు. టీచర్ ట్రైనింగ్‌లో మాకు గిజుభాయి గురించి, మాంటిస్సోరి గురించి చెప్పారు, మార్లవాయి గురించి ఒక్క పేరా లేదు.

కాకో గూడెం నుంచి ఇద్దరు మగపిల్లలు ఆ బడికి వెళ్ళారు. ఆడపిల్లను పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వాళ్ళు సెలవుకు వచ్చి మట్టి మీద వేలితో అక్షరాలు రాస్తుంటే చూసింది. అప్పటికి ఆమెకు చేతుల మీద, కాళ్ళ మీద పచ్చబొట్లు పొడిపించి ఒక ఏడాది అయింది. పుండ్లు మానడానికి పసుపు, నూనె రాసుకుని కూర్చున్న రోజుల్లో పక్కింటి పిల్లవాడు బడికి పోయాడని చెప్పేది. పచ్చబొట్లు పన్నెండేళ్ళ ప్రాంతంలో పొడుస్తారు. 1931కి పన్నెండు కలిపితే 1943. రెండో గుర్తు సరిపోయింది.

మూడోది కాగితమే. మా తాతకు వచ్చిన పట్టా. హైమన్‌డార్ఫ్ నివేదికల తర్వాత భూమి లేని గోండులకు, కోలాములకు వేల ఎకరాలు పట్టాలుగా ఇచ్చారు. మా ఇంటి పట్టా ఉర్దూలో ఉంది. మాలో ఎవరికీ ఉర్దూ రాదు. ఉట్నూరులో ఒక ముసలి సాయిబుగారి చేత చదివించాం. పన్నెండెకరాల చిల్లర భూమి, ఫసలీ 1356 అన్నారు. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే మన లెక్కలో ఏడాది వస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి, మీ ఇంటి పాత కాగితాలకూ పనికొస్తుంది. అంటే 1946. పట్టా, కోడలు ఒకే ఏడాది ఇంటికి వచ్చాయని మా తాత తల్లి అనేదట. పెళ్ళినాటికి కాకోకు పదిహేనేళ్ళు. మన పద్ధతి ప్రకారం పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే జరిగింది. తర్వాత రెండేళ్ళకు 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. ఆ కబురు మా గూడానికి చేరేసరికి కాకో పెద్దకొడుకును కని పదకొండు రోజులైంది.

ఈ మూడు గుర్తులతో మాకు తృప్తి కలిగింది. 1931 అని తీర్మానించుకున్నాం.

వేలిముద్ర

మా తాతను మాలో ఎవరూ చూడలేదు. 1960ల మొదట్లో వానాకాలం జ్వరాలతో పోయాడు. అప్పటికి మా అమ్మ, అందరికంటే చిన్నది, పట్టుకుని నిలబడటం నేర్చుకుంటోంది. కాకోకు ముప్పై, ముప్పై ఒకటి. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు.

మన ఆచారంలో భర్త పోయిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు, మరిదినైనా చేసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. బయటివాళ్ళ పుస్తకాలు చదివి మనమూ విధవ, అశుభం అనే మాటలు నేర్చుకుంటున్నాం కనుక ఇది చెప్పవలసి వచ్చింది. కాకోను కూడా పెద్దలు అడిగారు. వద్దంది. ఎందుకు వద్దన్నదో ఎన్నడూ చెప్పలేదు, మేము అడిగినప్పుడు జొన్నలు చెరగడం మొదలుపెట్టేది.

తాత పోయిన ఏడాదే ఒక ఎద్దు చచ్చింది. దుక్కి ఆగింది. కింది ఊరి షావుకారు ఒకడు ఎద్దులకు డబ్బిచ్చి, కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. మూడు పంటలు తిరిగేసరికి వాగు పక్కన ఉన్న ఆరెకరాల నల్లరేగడి అతని చేతిలో ఉంది. పత్తి వేశాడు. కాకో అదే చేలో పత్తి ఏరడానికి కూలికి పోయింది. ఈ సంగతి ఆమె కోపంగా చెప్పేది కాదు. ఎన్ని మడులు ఏరితే ఎంత ఇచ్చేవాడో, తూకంలో ఎంత తక్కువ చూపేవాడో లెక్క చెప్పేది.

మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పోటీ పరీక్షలకు 1/70 చట్టం అని బట్టీ పడతారు. అది ఇంట్లో ఎలా పనిచేసిందో చెబుతాం. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లోనే ఒక రెగ్యులేషన్ వచ్చింది. అది తెలంగాణకు వర్తించింది 1963లో. 1970లో దాన్ని గట్టిపరుస్తూ ఒకటో నెంబరు రెగ్యులేషన్ తెచ్చారు. అందులో ముఖ్యమైన మాట ఒకటుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతడు వేరేగా రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిన భూమిగానే భావించాలి. అంటే రుజువు చేయవలసిన బరువు మన మీద కాదు, అతని మీద. చదువు రాని మనిషికి ఇది ఎంత పెద్ద అండో ఆలోచించండి.

కాకోకు ఈ చట్టం సంగతి ఆరేళ్ళు ఆలస్యంగా తెలిసింది. 1976లో, ఉట్నూరుకు గిరిజనాభివృద్ధి ఆఫీసులు వచ్చిన రోజుల్లో, ఒక గోండు పంతులు సంతలో చెప్పాడు. మార్లవాయిలో చదివిన ఆ పక్కింటి పిల్లవాడే అతడు. దరఖాస్తు అతనే రాశాడు. కేసు మూడేళ్ళు నడిచింది. వాయిదాకు పోవాలంటే తొలికోడికి లేచి నడవాలి. రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చికారం మూటగట్టుకుని పోయేది. పట్టా కాగితాన్ని వెదురు గొట్టంలో పెట్టి, రెండు చివర్లా మైనం పూసి ఇంటి కప్పులో చెక్కి ఉంచింది. వాయిదా రోజుల్లో ఆ గొట్టం కొంగులో కట్టుకునేది. చాలాసార్లు అధికారి రాలేదని, పేరు పిలిచినప్పుడు లేవు అని వెనక్కి పంపారు. ఆమె పేరు పిలిచేది ఆమెకు తెలియని పలుకుబడితో, తెలుగులో. ఆమెకు అప్పటికి తెలుగు సరిగా రాదు.

ఒక వాయిదాలో అడిగారట. పట్టాలో నీ పేరు లేదు, నీ మొగుడి పేరుంది, నువ్వెవరు అని. తెలుగు తెలిసిన పెద్దకొడుకు జవాబు చెప్పబోతే ఆపి, గోండీలోనే చెప్పింది. చేను నాలుగు హద్దుల్లో ఎన్ని ఇప్పచెట్లున్నాయి, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఏ చెట్టు కింద ఎవరిని పూడ్చాం అన్నీ చెప్పింది. తర్జుమా చేయడానికి ఉన్న గుమాస్తా సగంలో ఆపేసి తల ఊపాడట. ఆ గుమాస్తా ఎవరో, అతనికి గోండీ ఎలా వచ్చో మాకు చాలాసార్లు కుతూహలం కలిగింది.

1979లో ఆర్డరు మావైపు వచ్చింది. చేను మాత్రం 1981 తొలకరికి గానీ చేతికి రాలేదు.

1981 అనగానే మనకు గుర్తొచ్చేది ఇంద్రవెల్లి. ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. మన గూడేల్లో చెప్పుకునే లెక్క వేరు. మా పెద్ద మేనమామ ఆ ఉదయం సంతకు పోయాడు, మర్నాడు రాత్రికి గానీ ఇంటికి రాలేదు. మాలో పెద్దది అప్పుడు ఊయలలో ఉంది. ఆ రెండు రాత్రులు కాకో ఇంట్లో దీపం పెట్టనివ్వలేదు, పొయ్యి వెలిగించనివ్వలేదు. చల్లటి అంబలి తాగి కూర్చున్నారు. ఆ మేనమామ జీవితాంతం సంతకు పోతే మధ్యాహ్నం లోపే తిరిగొచ్చేవాడు. ఇంద్రవెల్లి స్తూపం మొదట కట్టింది 1986లో కూల్చేశారు, 1987లో మళ్ళీ కట్టారు.

ఇల్లు నడపడం

చట్టాలు, కేసులు చెప్పాం గానీ మాకు ఆమె అంటే మొదట గుర్తొచ్చేది ఇసుర్రాయి చప్పుడు. కోడి కూయకముందే మొదలయ్యేది. జొన్నపిండి విసురుతూ పాడేది. చెయ్యి తిరిగినంతసేపు పాట, చెయ్యి ఆగితే పాట ఆగేది. పిండిమర వచ్చాక కూడా కొన్నేళ్ళు విసిరింది. మరపిండికి రొట్టె విరగదని వంక చెప్పేది.

ఆమె వంట చాలా సాదా. జొన్నరొట్టె, గట్క, కందిపప్పు, వానాకాలం మొదట్లో వెదురు మొలకల కూర, అడవి ఆకుకూరలు. వేసవిలో ఇప్పపువ్వు ఎండబెట్టి కుండల్లో దాచేది. పప్పుల్లేని రోజుల్లో ఆ పువ్వే ఉడికించి పెట్టేది. ఇప్పుడు అదే ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి హాస్టల్ ఆడపిల్లలకు రక్తం పడుతుందని ఇస్తున్నారు. మంచిదే. కాకో ఉంటే నవ్వేది, పేదవాళ్ళ తిండి అని మీరే సిగ్గుపడ్డారు కదా అనేది. నిజంగానే మాలో కొందరం హాస్టల్ నుంచి వచ్చాక ఇప్పపువ్వు వద్దనేవాళ్ళం.

ఇప్పచెట్లు కూడా ఆమె పంచింది. పన్నెండెకరాల భూమిని కొడుకులు ముగ్గురూ పంచుకున్నారు. చెట్లను మాత్రం కూతుళ్ళకూ ఇచ్చింది. వాగు ఒడ్డున ఉన్న రెండు చెట్లు మా అమ్మవి, గట్టు మీది మూడు పెద్దమ్మవి. పువ్వు రాలే రోజుల్లో కూతుళ్ళు అత్తవారింటి నుంచి వచ్చి ఏరుకుపోవాలి. కోడళ్ళలో ఒకామెకు ఇది నచ్చలేదు, చాలాకాలం గొణిగింది. భూమి ఇవ్వడానికి ఆచారం అడ్డమొచ్చింది కనుక చెట్లిచ్చింది అని మాలో కొందరం అనుకుంటాం. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు.

మా అమ్మను ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివించింది. ఆ తరంలో మా గూడెంలో బడికి పోయిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. మా వంతు వచ్చేసరికి అందరం హాస్టళ్ళలోనే చదివాం. ఒక మనవరాలు ఆరో తరగతిలో హాస్టల్ నుంచి పారిపోయి ఇంటికొచ్చింది. అన్నంలో పురుగులు, పైగా పెద్దపిల్లలు గోండీలో మాట్లాడితే వెక్కిరించేవారు. అమ్మానాన్నలు పోనీలే అన్నారు. కాకో ఆ రాత్రి పిల్లకు తలంటి, మర్నాడు ఉదయం తానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. హాస్టల్ వరండాలో మూడు రాత్రులు పడుకుంది. వంటమనిషితోపాటు కూర్చుని బియ్యం ఏరింది. నాలుగో రోజు పిల్ల, ఇక నువ్వు పో అంది. ఆ పిల్లే ఇప్పుడు వార్డెన్ అయి ఇది రాస్తున్నది. మా హాస్టల్‌లో ఆడపిల్లల కోసం వచ్చిన అవ్వలను రాత్రి ఉండనివ్వాలా, వద్దా అని నిబంధనల్లో లేదు. మేము ఉండనిస్తాం.

పుష్యమాసం

ఏడాదంతా ఎంత పని ఉన్నా పుష్య అమావాస్యకు కాకో కేస్లాపూర్‌లో ఉండాల్సిందే. నాగోబా మెస్రం వంశం దేవుడు, ఆమె ఆ ఇంటి ఆడపడుచు. మెస్రంవాళ్ళు చెప్పుల్లేకుండా నడిచి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు తెస్తారు, మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసిస్తారు. జాతరలో కొత్త కోడళ్ళను నాగోబాకు చూపించే భేటింగ్ గురించి టీవీలో చూపిస్తారు, అందరికీ తెలుసు. ఆడపడుచుల పని అంతగా చూపించరు. మెస్రం ఆడబిడ్డలు, అల్లుళ్ళు కలిసి నీళ్ళు తెచ్చి, మట్టి తొక్కి పుట్టలు కడతారు. ఇంటి ఆడపిల్ల పెళ్ళయి వేరే సగకు పోయినా పుట్టినింటి దేవుడి దగ్గర ఆమె పని ఆమెదే, ఇంకొకరు చేయకూడదు. తాత పోయాక పక్కన అల్లుడిగా నిలబడాల్సిన మనిషి లేడు. అయినా వెళ్ళింది, మట్టి తొక్కింది. చివరిసారి వెళ్ళినప్పుడు ఆమెకు ఎనభై ఆరు. నడవలేక మట్టిముద్ద మాత్రం చేత్తో తాకి ఇచ్చింది.

జాతరలో దర్బారు హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940ల్లో మొదలైంది. కొండ మీది మనుషులు కిందికి పోవడం కంటే అధికారులే జాతరకు రావాలని పెట్టిన పద్ధతి అది. కాకో దర్బారులో ఎన్నడూ మాట్లాడలేదు. దూరంగా కూర్చుని వినేది. ఎవరు ఏం అడిగారో, కిందటేడు అదే మాట ఎవరు అడిగారో ఇంటికొచ్చి చెప్పేది. 2022 డిసెంబరులో మెస్రంవాళ్ళు సొంత చందాలతో కట్టుకున్న రాతి గుడి ప్రారంభమైంది. అప్పటికి కాకో లేదు.

నా మాట కాగితమా

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2008 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సేద్యం చేస్తున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కుపత్రం ఇవ్వవచ్చు. రుజువు ఏమిటి? మన దగ్గర రసీదులుంటాయా? అయితే ఆ చట్టం కింద చేసిన నియమాల్లో పదమూడోది చదవండి. ప్రభుత్వ కాగితాలే కాదు, పాత ఇళ్ళ ఆనవాళ్ళు, బావులు, సమాధులు, దేవుడి స్థలాలు కూడా రుజువే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ రుజువే.

గ్రామసభలో ఈ నియమం చదివి వినిపించినప్పుడు కాకో నమ్మలేదు. నా మాట కాగితమా అని రెండుసార్లు అడిగింది. కేసు రోజుల్లో వెదురు గొట్టం మోసిన మనిషి కదా.

ఆ వానాకాలం ఆమెను మా తమ్ముడు కావడిలో కూర్చోబెట్టుకుని పాత గూడెం జాగాకు తీసుకుపోయారు. కలరా వచ్చి ఖాళీ చేసిన జాగా అది. టేకు మొక్కలు నాటి గుర్తుపట్టలేకుండా ఉంది. అకిపేన్ స్తంభం ఎక్కడ పాతారో చూపించింది. తవ్వితే మొదలు దొరికింది. బావి గట్టు రాళ్ళు చూపించింది. ఏడు ఇళ్ళవాళ్ళ చేల హద్దులు, ఎవరి తాత ఎక్కడ మొదట గొడ్డలి వేశాడో చెప్పింది. అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి రాసుకున్నాడు, నాలుగు పేజీలు. కింద ఆమె వేలిముద్ర. జీవితంలో ఆమె వేసిన వేలిముద్రల్లో భూమి తెచ్చింది అదొక్కటే. సొంత కుటుంబం దరఖాస్తుకు ఆమె మాట చెల్లదు కనుక మా చిన్న మేనమామ కోసం పక్కగూడెం ముసలాయన వచ్చి చెప్పాడు.

ఏడింటిలో అయిదు ఇళ్ళకు హక్కుపత్రాలు వచ్చాయి, అడిగినంత విస్తీర్ణం ఎవరికీ రాలేదు. రెండు తిరస్కరించారు. మా చిన్న మేనమామకు వచ్చింది. ఆ చట్టంలో ఇంకో మాట ఉంది. పెళ్ళయినవాళ్ళకు హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదే ఇవ్వాలి. కాగితం ఇంటికొచ్చిన రోజు కాకో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇందులో కోడలి పేరు ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు అంది. చూపించాం. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. ఇప్పచెట్ల మీద గొణిగిన కోడలే ఆమె. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు, కోడలు లోపలికి పోయి చాయ్ పెట్టింది.

ఆమె గొంతు మా దగ్గర ఫోనులో ఇరవై రెండు నిమిషాలుంది. ఇసురుపాటల్లో రెండు పూర్తిగా, ఒకటి సగం. అందులోని కొన్ని గోండీ మాటలు మాకే తెలియవు, మా పిల్లలకు అసలు తెలియవు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది కనుక ఇప్పుడు ఫోనులోనూ రాసే వీలుంది. మా హాస్టల్‌లో ఇద్దరు పిల్లలు ఆ లిపి నేర్చుకుని ఈ పాటలు రాయడం మొదలుపెట్టారు. ఒక మాట దగ్గర ఆగారు. విసిరే రాయి పిడికి ఆమె వాడిన పేరు అది అని మా అమ్మ అంటుంది, కాదు ఒక చెట్టు పేరు అని పెద్దమ్మ అంటుంది. ఈ సంచిక చదివేవాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళుంటే అడిగి చెప్పండి, పాట వినిపిస్తాం.

పోయిన ఏడాది పుష్యంలో పెర్సాపేన్ పూజలో కాకోను పెద్దల్లో కలిపారు. వెదురు గొట్టం ఇప్పుడు చిన్న మేనత్త దగ్గర ఉంది. అందులో ఉర్దూ పట్టాతోపాటు 1979 ఆర్డరు, కొత్త హక్కుపత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టింది. తిరస్కరించిన రెండు ఇళ్ళవాళ్ళు మళ్ళీ దరఖాస్తు చేశారు. కాకో చెప్పిన నాలుగు పేజీల నకలు వాటికి జతచేశాం. మాట చెప్పినామె వయసు అన్న చోట ఈసారి, 1931లో పుట్టింది, వాంగ్మూలం నాటికి డెబ్భై ఏడేళ్ళు అని రాసి, ఎందుకలా రాశామో వేరే కాగితం మీద వివరం పెట్టాం. విచారణకు ఇంకా పిలవలేదు.